ఇల్లు అమ్మాం... మరి ఇంట్లోవాళ్లు?

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని అమ్మి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. కిరాయిదార్లు కాపురం ఉంటున్న ఇంటిని అమ్మడమంటే ఎలా ఉంటుందో తెలిసి ఉంటే ఆ సామెతకు మూడో ముక్క కూడా తప్పకుండా చేర్చేవాళ్లు.

మాది కరీంనగర్. బాపు ఉద్యోగం మాత్రం ఎక్కువ కాలం మంచిర్యాలలోనే సాగింది. 1988లో అక్కడే, రైల్వే స్టేషన్‌కు నడిచి పోయేంత దూరంలో, రెండు వందల గజాల జాగాలో ఇల్లు కట్టాడు. ముందు వరండా, రెండు గదులు, వంటిల్లు. వెనకాల బావి పక్కన విడిగా ఒక గది. రిటైరయ్యాక మేమంతా కరీంనగర్ వచ్చేశాం. ముందు భాగం ఒక కుటుంబానికి, వెనక గది ఒక అవ్వకు కిరాయికి ఇచ్చాడు. 2014లో బాపు పోయాడు. నెల మొదటి వారంలో కిరాయి డబ్బులు మాత్రం తప్పకుండా అమ్మకు అందుతూనే ఉన్నాయి.

2016 అక్టోబర్ 11న, దసరా రోజున, రాష్ట్రంలో కొత్త జిల్లాలు వచ్చాయి. పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. పాత ఆదిలాబాద్ నాలుగు ముక్కలైంది. ఆదిలాబాద్, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల. మంచిర్యాల జిల్లా కేంద్రం కావడంతో ఆఫీసులకు భవనాలు, ఉద్యోగులకు ఇళ్లు వెతికేవాళ్లు ఎక్కువయ్యారు. పండుగ పిండివంటలు అయిపోకముందే మాకు ఫోన్లు మొదలయ్యాయి. "మీ జాగా అమ్ముతరా?" అని.

తమ్ముడు హైదరాబాద్‌లో ఫ్లాట్ చూసుకుంటున్నాడు. నిజామాబాద్‌లో ఉండే చెల్లెలు కూతురి పెళ్లికి డబ్బు సమకూర్చుకుంటోంది. అమ్మ మోకాళ్లకు ఆపరేషన్ చేయించాలి. "ధర పలికినప్పుడే ఇచ్చేద్దామక్కా. మనలో ఎవరమూ మంచిర్యాల పోయి ఉండేది లేదు కదా" అన్నాడు తమ్ముడు. కాదనడానికి ఎవరి దగ్గరా కారణం లేదు.

ముందు ఎవరికి చెప్పాలి?

అమ్మాలని అనుకోవడం సులువే. ఆ మాట కిరాయిదార్లకు ఎప్పుడు చెప్పాలన్న దగ్గరే మాకు పేచీ వచ్చింది.

తమ్ముడిది ఒకటే మాట. బేరం కుదిరాక చెబుదాం అని. ముందే చెబితే కిరాయి ఆపేస్తారనీ, ఖాళీ చేయడానికి డబ్బులడుగుతారనీ, కొనేవాళ్లు వచ్చినప్పుడు లేనిపోనివి చెప్పి బేరం చెడగొడతారనీ అతని భయం. మా చుట్టాల్లో ఇళ్లు అమ్మిన వాళ్లంతా అదే సలహా ఇచ్చారు. అది ఉత్త భయం కూడా కాదు. అలా నష్టపోయిన వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు కనిపిస్తారు.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "బ్రోకర్ నోటి నుంచి వాళ్లు వినొద్దు. ముందుగాల మనమే చెప్పాలె. ఫోన్ల కాదు, పోయి చెప్పాలె" అంది. దీపావళికి ముందే నేనూ అమ్మా పెద్దపల్లి, గోదావరిఖని మీదుగా బస్సులో మంచిర్యాల వెళ్లాం.

ముందు భాగంలో ఉండే అతను హార్డ్‌వేర్ షాపులో పని చేస్తాడు. అతని భార్య వరండాలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. పదకొండేళ్లుగా ఉంటున్నారు. వీధిలో సగం మంది ఆమె దగ్గరే కుట్టించుకుంటారు. మేం విషయం చెప్పగానే ఎంతకు అమ్ముతున్నారని అడగలేదు, ఎవరికని అడగలేదు. "ఎప్పటిదాకక్కా?" అంది. కాసేపాగి, "మార్చిల పొల్లకు పదో తరగతి పరీక్షలున్నయ్. అప్పటిదాక ఆగుతరా?" అంది.

వెనక గదిలో అవ్వ. ఆమె భర్త సింగరేణిలో బాయి పని చేసేవాడు. ఆయన పోయాక కంపెనీ క్వార్టర్ వదిలి మా గదిలోకి వచ్చింది. ఒక్కతే కూతురు బల్లార్షాలో ఉంటుంది. అల్లుడి ఇంట్లో ఉండటం అవ్వకు ఇష్టం లేదు. ఆమె మేం చెప్పిందంతా నెమ్మదిగా విని ఒకటే అడిగింది.

"కొనేటాయిన నన్ను ఈ ఇంట్ల సావనిస్తడా బిడ్డా?"

కాగితం మీద లేని మాట

ఆ ప్రశ్న కొందరికి వింతగా అనిపించవచ్చు. మన వైపు కిరాయి ఇళ్లలో ఉన్నవాళ్లకు వింత కాదు. కిరాయి ఇంట్లో చావు జరిగితే ఇంటికి అరిష్టమని నమ్మే యజమానులు ఇప్పటికీ ఉన్నారు. ఆసుపత్రిలో పోయిన మనిషిని ఇంటికి తేవద్దంటారు. దినాలయ్యే దాకా కుటుంబాన్ని కూడా రావద్దంటారు. శవాన్ని రోడ్డు పక్కన టెంటు కింద ఉంచి, వానలో ఏడ్చిన కుటుంబాల గురించి పేపర్లో చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఒంటరి ముసలివాళ్లకు గది దొరక్కపోవడానికి కిరాయి కట్టలేరన్న అనుమానం కన్నా ఈ భయమే పెద్ద కారణం. ఆ మాట ఎవరూ పైకి అనరు. "మా చుట్టాలు వస్తున్నారు, గది ఇవ్వడం లేదు" అంటారు.

అవ్వ గదిలోకి వచ్చిన రోజునే బాపును ఈ సంగతి అడిగిందట. "రంది పెట్టుకోకు. ఏదన్న అయితే ఈ ఇంటికెల్లే సాగనంపుతం" అన్నాడట బాపు. మాకెవరికీ తెలియదు. అమ్మకు తెలుసు. అగ్రిమెంటు లేదు, సాక్షులు లేరు. నెలకు ఏడు వందల కిరాయి, ఆ ఒక్క మాట. అంతే.

ఇప్పుడు ఇల్లు చేతులు మారుతోంది. మరి ఆ మాట ఎవరికి చెందుతుంది?

చట్టం ఏమంటుంది?

కరీంనగర్‌లో మాకు తెలిసిన వకీలు గారిని కలిసి అన్నీ అడిగాను. ఆయన చెప్పినవి కిరాయికి ఇచ్చేవాళ్లకూ, ఉండేవాళ్లకూ ఇద్దరికీ పనికొచ్చేవి.

ఇల్లు అమ్మినంత మాత్రాన కిరాయి ఒప్పందం రద్దయిపోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం కొన్నవాడు పాత యజమాని స్థానంలోకి వస్తాడు. కిరాయి వసూలు చేసుకునే హక్కు ఆయనకు వస్తుంది. దాంతోపాటు పాత యజమాని మీదున్న బాధ్యతలు కూడా. అమ్మకం సంగతి తెలియక కిరాయిదారు పాత యజమానికే కిరాయి కట్టేస్తే, కొత్తాయన దాన్ని మళ్లీ కట్టమనడానికి లేదు. అమ్మకానికి ముందు నెలల బాకీ ఉంటే, విడిగా రాసుకుంటే తప్ప అది పాత యజమానికే చెందుతుంది.

నెలనెలా కిరాయి మీద ఉండేవాళ్లను ఖాళీ చేయమనాలంటే, రాతలో వేరే షరతు లేకపోతే, 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇది అదే చట్టంలోని 106వ సెక్షన్. నోటీసు గడువు దాటినా ఖాళీ చేయకపోతే కోర్టుకు వెళ్లాలి గానీ సామాన్లు బయట పడేయడం, కరెంటు తీసేయడం కుదరదు.

దీనికి తోడు మన దగ్గర 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆ చట్టాన్నే తెలంగాణ కొనసాగించింది. దాని పరిధిలోకి వచ్చే ఇల్లయితే ఖాళీ చేయించడానికి అందులో రాసిన కారణాల్లో ఏదో ఒకటి ఉండాలి. కావాలని కిరాయి ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా వేరేవాళ్లకు కిరాయికి ఇవ్వడం, యజమానికి నిజంగానే ఆ ఇల్లు అవసరం కావడం లాంటివి. 'అమ్ముకుంటున్నాను' అన్నది వాటిలో లేదు. అయితే కట్టి పదిహేనేళ్లు కాని ఇళ్లకు ఈ చట్టం వర్తించదు. 2005లో సవరణ అమల్లోకి వచ్చే నాటికి కిరాయి కార్పొరేషన్లలో 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన ఇళ్లకూ వర్తించదు. మీ ఇల్లు ఇందులో ఎక్కడ పడుతుందో వకీలుకు చూపించుకోవడమే మేలు.

ఆయన చెప్పిన ఇంకో సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. ఇల్లు కొనేవాళ్లంతా రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లి ఈసీ తీయిస్తారు. ఆ ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు అందులో కనిపిస్తాయి. ఆ ఇంట్లో ఉంటున్న మనుషులు మాత్రం కనిపించరు. మనవాళ్లు కిరాయి ఒప్పందాన్ని పదకొండు నెలలకు రాసుకుంటారు, రిజిస్టర్ చేయించరు. అసలు రాసుకోని వాళ్లే ఎక్కువ. అందుకే చట్టం ఒక తెలివైన పని చేసింది. ఇంట్లో ఎవరు కాపురం ఉంటున్నారో, వాళ్లకున్న హక్కేమిటో కొనేవాడికి తెలిసినట్టే లెక్క అంది. 'నాకు తెలియదు' అంటే చెల్లదు. పోయి తలుపు తట్టి అడగడం కొనేవాడి బాధ్యత.

"మరి బాపు అవ్వకు ఇచ్చిన మాట?" అని అడిగాను.

వకీలు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒప్పందం కొనేవాడి మీదకు పోతుందమ్మా. రుజువు లేని మాట ఎక్కడికీ పోదు. ఇచ్చినవాళ్ల దగ్గరే ఉంటుంది" అన్నారు.

రెండు బేరాలు

మొదటి బేరం దీపావళి లోపే వచ్చింది. ఒక వ్యాపారి. పాత ఇల్లు కూలగొట్టి షాపులు కడతానన్నాడు. మేం అనుకున్న దాని కన్నా నాలుగు లక్షలు ఎక్కువే ఇస్తానన్నాడు. షరతు ఒకటే. సంక్రాంతి లోపు ఇల్లు మొత్తం ఖాళీ చేయించి ఇవ్వాలి. బయానా ఎప్పుడు తీసుకుంటారని రోజూ ఫోన్ చేసేవాడు.

నాలుగు లక్షలంటే మాలాంటి వాళ్లకు చిన్న మొత్తం కాదు. చెల్లెలి ఇంట్లో పెళ్లి ఖర్చులో అది పెద్ద భాగం. "కిరాయిదార్ల కోసం నా బిడ్డ పెళ్లికి అప్పు చేయమంటరా?" అని అడిగింది. అందులో తప్పేముంది? "పదో తరగతి పిల్ల ఏ ఇంట్ల ఉంటేనేం, చదివే పిల్లయితే చదువుతది" అన్నాడు తమ్ముడు. అదీ పూర్తిగా కాదనలేం. అమ్మ మాత్రం ఏమీ అనకుండా వింటూ కూర్చునేది. చివరకు, "అవ్వ సంగతి తేలినంకనే నేను సంతకం పెడత" అంది. ఇంటి మీద అమ్మకూ, మా ముగ్గురికీ హక్కుంది. ఒక్క సంతకం లేకపోయినా రిజిస్ట్రేషన్ కాదు.

రెండు వారాలు ఫోన్లలో వాదులాడుకున్నాం. ఇంతలో నవంబర్ 8 రాత్రి టీవీలో ప్రధానమంత్రి కనిపించి అయిదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. మర్నాటి నుంచి మా వ్యాపారి ఫోన్ మోగలేదు. మేం చేస్తే, "ఇప్పుడు కాదు, చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం మళ్లీ రాలేదు. కాబట్టి తర్వాత జరిగిన దాంట్లో మా మంచితనం ఎంత, నోట్ల రద్దు ఎంత అంటే ఇప్పటికీ లెక్క తేలదు. అప్పుడు ఆయన వెనక్కి తగ్గకపోతే మేం ఏ నిర్ణయానికి వచ్చేవాళ్లమో నేను ప్రమాణం చేసి చెప్పలేను.

డిసెంబర్‌లో రెండో బేరం వచ్చింది. శ్రీరాంపూర్ వైపు గనిలో పని చేస్తున్న ఆయన. జనవరి నెలాఖరుకు రిటైరవుతున్నాడు. కంపెనీ క్వార్టర్ వదలాలి కాబట్టి సొంతిల్లు చూసుకుంటున్నాడు. డబ్బంతా చెక్కులే. ఇల్లు చూడటానికి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

మనుషులున్న ఇంటిని కొనేవాళ్లకు చూపించడం అంత సులువైన పని కాదు. ఎవరో తెలియని వాళ్లు వచ్చి మన వంటిల్లు చూస్తారు, గోడలు తట్టి చూస్తారు, బాత్రూం తలుపు తీస్తారు. ముందురోజే ఫోన్ చేసి ఏ టైముకు రమ్మంటారని అడిగాను. మేం వెళ్లేసరికి వాకిలి ఊడ్చి ముగ్గేసి ఉంది. మిషన్ మీద బట్టలు మడిచి పెట్టి ఉన్నాయి. పొల్ల పుస్తకాలు కిటికీలో వరుసగా సర్ది ఉన్నాయి. అమ్మేది మేం, కొనేది వాళ్లు, అందరికీ చాయ్ పెట్టింది మాత్రం ఆమె.

రాసుకున్నవి, రాసుకోనివి

సంక్రాంతికి ముందే అగ్రిమెంటు రాసుకున్నాం. వకీలు గారి సలహాతో కిరాయిదార్లను కూడా కూర్చోబెట్టి విడిగా ఒక కాగితం రాయించాం. ముందు భాగం వాళ్లు ఏప్రిల్ 30 దాకా ఉంటారు. రిజిస్ట్రేషన్ అయిన నెల నుంచి కిరాయి కొత్తాయనకు కడతారు. వాళ్లు బాపు దగ్గర కట్టిన పది వేల అడ్వాన్సును మేం ధరలోంచి తగ్గించి కొత్తాయన చేతికే ఇస్తాం. ఖాళీ చేసే రోజున ఆయన వాళ్లకు తిరిగిస్తాడు. కరెంటు బిల్లు ఏ తేదీ వరకు ఎవరిదో కూడా రాశాం. అందరం సంతకాలు చేశాం. ఇల్లు అమ్మిన వాళ్లు అడ్వాన్సు కొన్నవాళ్ల మీదకు, కొన్నవాళ్లు అమ్మిన వాళ్ల మీదకు తోసేస్తుంటే మధ్యలో తిరిగి తిరిగి చెప్పులరిగిన కిరాయిదార్లు మనలో చాలామందికి తెలుసు. ఈ ఒక్క కాగితం ఉంటే ఆ తిప్పలు ఉండవు.

పరీక్షలయ్యే దాకా ఆగడానికి కొత్తాయన తేలిగ్గానే ఒప్పుకున్నాడు. క్వార్టర్ వదిలాక కొన్నాళ్లు కొడుకు దగ్గర సర్దుకుంటామన్నాడు. అవ్వ గదిలో అవ్వ అదే కిరాయికి ఉండటానికీ అభ్యంతరం చెప్పలేదు.

అప్పుడు అమ్మ అసలు సంగతి ఎత్తింది. తమ్ముడు నా వైపు ఇబ్బందిగా చూశాడు. ఆ మాటతో ఈ బేరం కూడా పోతుందేమోనని నాకూ గుబులుగానే ఉంది. అమ్మ మాత్రం దాచకుండా చెప్పింది. మా ఆయన ఇట్లా మాటిచ్చిండు, మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, అవ్వకు ఇంకో చోట చూసేదాకా మేం ఆగుతాం అని.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆయన భార్యే అంది. "ముప్పై ఏండ్లు మనమూ కంపెనీ ఇంట్లనే ఉంటిమి. మనది గాని ఇల్లు ఎట్లుంటదో మనకు తెల్వదా?"

"కాగితంలో రాయిద్దామా?" అని అడిగాను.

"రాసుడెందుకమ్మా? నేను కాదంటనా?" అన్నాడాయన.

ఎలా రాయాలో దస్తావేజు రాసే ఆయనకూ తెలియలేదు. అలాంటి షరతు తన సర్వీసులో ఎప్పుడూ రాయలేదన్నాడు. ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ అయింది. హద్దులు, గజాలు, బావి, వేపచెట్టు అన్నీ పత్రంలో ఉన్నాయి. అవ్వ మాట ఒక్కటే లేదు. బాపు నోటి మాటగా ఇచ్చింది నోటి మాటగానే ఇంకొకరి చేతికి వెళ్లింది.

వ్యాపారి చెప్పిన ధర కన్నా మాకు నాలుగు లక్షలు తక్కువే వచ్చాయి. చెల్లెలు కొంత అప్పు చేసి పెళ్లి చేసింది. తర్వాత తీర్చేసింది కానీ ఆ సంగతి ఇప్పటికీ అప్పుడప్పుడూ ఎత్తుతుంది. ఎత్తే హక్కు ఆమెకుంది. ముందు భాగం వాళ్లు అనుకున్న తేదీ కన్నా రెండు రోజుల ముందే, రెండు వీధుల అవతల ఇల్లు చూసుకుని వెళ్లారు. కుట్టుపని బేరాలు పోలేదు. పొల్ల పాసైందని స్వీట్ల డబ్బా పంపారు.

2019 వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే కొత్తాయన నుంచి ఫోన్ వచ్చింది. "అవ్వ రాత్రి సర్కారు దవాఖానల పోయిందమ్మా. బిడ్డా అల్లుడు బల్లార్షా నుంచి వస్తాండ్రు. ఇంటికే తెచ్చినం. మీ అమ్మకు చెప్పున్రి" అన్నాడు. దినాలు కూడా అక్కడే జరిగాయి. వాన పడుతోందని ముందు వరండా కూడా ఇచ్చారట.

ఇళ్లు అమ్మకుండా ఎవరూ ఉండలేరు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ఆపరేషన్లు అందరికీ ఉంటాయి. కిరాయిదార్ల కోసం ఎల్లకాలం ఇల్లు అట్టే పెట్టుకోమని చెప్పడం నా ఉద్దేశం కాదు. అమ్మే ముందు లింకు డాక్యుమెంట్లు, ఇంటి పన్ను రసీదులు, ఈసీ అన్నీ ఒక ఫైల్లో పెడతాం కదా. దాంతో పాటు ఇంకో చిన్న కాగితం పెట్టుకోవాలని మాత్రం అంటాను. ఎవరు ఎన్నేళ్లుగా ఉంటున్నారు, అడ్వాన్సు ఎంత, పిల్లల పరీక్షలు ఎప్పుడు, మన ఇంట్లోవాళ్లు వాళ్లకేమైనా మాటిచ్చారా. ఇవి రాసుకుని కొనేవాళ్లకు బేరానికి ముందే చదివి వినిపించాలి. ధర కాస్త తగ్గవచ్చు, ఒక బేరం పోవచ్చు కూడా. కానీ ఆ కాగితంలో ఏముందో కొనేవాళ్లు ఈసీలో చదువుకోలేరు. చెప్పాల్సింది మనమే.